శాంతి సేనల్లో మహిళలు: సంఖ్య పెరిగింది, పెత్తనం పెరగలేదు

ఐక్యరాజ్య సమితి శాంతి పరిరక్షక దళాల్లో యూనిఫాం వేసుకున్న ప్రతి పదిమందిలో ఇప్పుడు సుమారుగా ఒకరు మహిళ. గతం తెలిసినవారికి ఇది చిన్న మార్పేమీ కాదు. 1957 నుంచి 1989 దాకా, మూడు దశాబ్దాలకు పైగా, అన్ని మిషన్లూ కలిపినా యూనిఫాంలో పనిచేసిన మహిళలు ఇరవై మందే. 1993లో వారి వాటా ఒక శాతం. 2020 నాటికి శాంతి సిబ్బంది దాదాపు 95,000 మంది ఉండగా సైనిక పటాలాల్లో మహిళలు 4.8 శాతానికి, పోలీసు యూనిట్లలో 10.9 శాతానికి చేరారు. అయినా మహిళలు, శాంతి, భద్రత అన్న అంశంపై ఏటా అక్టోబర్‌లో భద్రతా మండలి బహిరంగ చర్చ పెట్టిన ప్రతిసారీ పాత ప్రశ్నే మళ్లీ ముందుకొస్తోంది. దళాల్లో మహిళలు పెరిగితే యుద్ధక్షేత్రాల్లోని మహిళలకు భద్రత పెరుగుతుందా? పెరుగుతుందన్న నమ్మకంతోనే ఐరాస లక్ష్యాలు పెట్టుకుంది. అనుభవం మాత్రం అంత తేలిగ్గా ఔననడం లేదు. శాతాలను న్యూయార్క్‌లో కూర్చుని నిర్ణయించవచ్చు. మహిళా సైనికురాలికి పని అప్పగించే అధికారం, దళంలో నేరం చేసినవాణ్ని శిక్షించే అధికారం మాత్రం సేనలు పంపే దేశాల చేతుల్లోనే ఉన్నాయి. సమస్యంతా అక్కడే ముడిపడి ఉంది.

ఈ విధానానికి పునాది 2000 అక్టోబర్ 31న భద్రతా మండలి ఏకగ్రీవంగా ఆమోదించిన 1325వ తీర్మానం. ఆ నెల మండలి అధ్యక్ష స్థానంలో ఉన్న నమీబియా దీన్ని నడిపించింది. ఐరాస మిషన్ నీడలో స్వాతంత్ర్యం పొందిన దేశమది. అంతకు ఐదు నెలల ముందు దాని రాజధాని విండ్‌హోక్‌లోనే, శాంతి మిషన్లలో మహిళలకు సమాన స్థానం ఇవ్వాలన్న ప్రకటన వెలువడింది. ఈ ఆలోచన సంపన్న దేశాల స్త్రీవాదులు ఎగుమతి చేసిన సరుకన్న వాదన తరచూ వినిపిస్తుంది గానీ, పుట్టుక చూస్తే అది నిలవదు. తర్వాత తీర్మానాలు వరుస కట్టాయి. లైంగిక హింసను యుద్ధతంత్రంగా గుర్తించిన 1820 (2008), ఆ హింసపై ప్రత్యేక ప్రతినిధిని, మిషన్లలో మహిళా రక్షణ సలహాదారులను ఏర్పరచిన 1888 (2009), ఐదేళ్లలో దళాల్లోని మహిళల సంఖ్యను రెట్టింపు చేయాలన్న 2242 (2015) వాటిలో ముఖ్యమైనవి. ఇండొనేషియా చొరవతో 2020 ఆగస్టులో వచ్చిన 2538, శాంతి పరిరక్షణలోని మహిళల గురించే ప్రత్యేకంగా చేసిన మొదటి తీర్మానం. కాగితం మీద లోటేమీ లేదు.

లోటు ఎక్కడుందో 2010లో తూర్పు కాంగోలో తేటతెల్లమైంది. ఉత్తర కివూ రాష్ట్రం వాలికాలే ప్రాంతంలో కిబువా నుంచి ఎంపోఫీకి వెళ్లే దారి పొడవునా ఉన్న 13 గ్రామాలను ఆ ఏడాది జులై 30 నుంచి ఆగస్టు 2 దాకా సాయుధ ముఠాలు చుట్టుముట్టాయి. నాలుగు రోజుల్లో 387 మందిపై అత్యాచారం జరిగిందని ఐరాస విచారణ తేల్చింది. బాధితుల్లో పిల్లలూ ఉన్నారు, పురుషులూ ఉన్నారు. శాంతి దళ స్థావరం కిబువాలో, ఆ గ్రామాల్లో ఒకటైన లువుంగికి ముప్ఫై కిలోమీటర్ల దూరంలోపే ఉంది. అందులో ఉన్నది భారత సైనికులు. గస్తీ బృందం ఆ దారిన వెళ్లింది కూడా. గ్రామస్థులు జరిగిన ఘోరం గురించి నోరు మెదపలేదు. సైనికులకు స్థానిక భాష రాదు, దుబాసీలు చాలరు, ఆ ప్రాంతంలో ఫోన్ సిగ్నల్ లేదు. ముఠాలు అడవిలోనే పొంచి ఉన్నాయన్న భయం ఒకవైపు. తుపాకీ పట్టుకుని వాహనం మీద నిలబడ్డ పరాయి మగవాడితో ఒక స్త్రీ ఇలాంటి మాట చెప్పుకోగలదా అన్నది మరోవైపు. మిషన్‌కు విషయం ఆగస్టు 12న ఒక వైద్య సేవా సంస్థ ద్వారా తెలిసింది. అప్పట్లో ఐరాస శాంతి పరిరక్షణ విభాగంలో సహాయ ప్రధాన కార్యదర్శిగా ఉన్న భారత దౌత్యవేత్త అతుల్ ఖరే, రక్షణలో తాము విఫలమయ్యామని భద్రతా మండలి ముందు ఒప్పుకొన్నారు. ముఠా నాయకుల్లో ఒకడైన షేకాకు 2020లో గోమాలోని సైనిక న్యాయస్థానం యావజ్జీవ శిక్ష వేసింది. ఆ శిక్షకు పదేళ్లు పట్టింది.

వాలికాలే నుంచి రెండు భిన్నమైన పాఠాలు తీశారు. దళంలో మహిళలు ఉండి ఉంటే గ్రామ మహిళలు ముందే మాట్లాడేవారని, సమాచారం అందేదని ఒక వర్గం అంది. గస్తీల వెంట మహిళలను పంపే ఎంగేజ్‌మెంట్ బృందాలు ఈ ఆలోచనకు ప్రతిరూపాలే. స్త్రీల సోదా, బాధితురాలి వాంగ్మూలం, శిబిరంలోని తల్లులతో సంభాషణ వంటి పనులు మగ సైనికులతో సరిగా కావన్నది ఈ వాదన బలం. దీన్ని కాదనేవారు తక్కువ. రెండో వర్గం అడిగేది వేరు. దుబాసీ, రేడియో, గస్తీ దారి, కమాండర్ ఆదేశం సరిగా లేనిచోట పదిమంది మహిళలను చేర్చినంత మాత్రాన ఏం మారుతుంది? 2016 జులైలో దక్షిణ సూడాన్ రాజధాని జూబాలో పోరు చెలరేగినప్పుడు టెరైన్ హోటల్‌పై సైనికులు దాడి చేశారు. సహాయ సంస్థల మహిళలపై అత్యాచారాలు జరుగుతుండగా, దగ్గర్లోనే ఉన్న ఐరాస స్థావరం నుంచి దళం కదలలేదు. విచారణ తర్వాత మిషన్ సైన్యాధిపతిని తొలగించారు. అక్కడ సమాచారం లేకపోవడం అన్న సమస్యే లేదు. సాయం కోసం ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. కదలమని ఆదేశించే తెగువ లేకపోయింది. రక్షణ మొత్తం దళం బాధ్యత. దాన్ని మహిళా సిబ్బంది పనిగా చీటీ రాసి పక్కన పెడితే మిగతా తొంభై శాతం మందికి తప్పించుకునే దారి దొరికినట్లే.

దక్షిణ సూడాన్‌లోనే మరో ఉదంతం ఈ వాదనను ఇంకొంచెం లోతుకు తీసుకెళ్తుంది. 2018 నవంబర్ చివర్లో బెంటియూ పరిసరాల్లో పది రోజుల వ్యవధిలో 125 మంది మహిళలు, బాలికలు లైంగిక హింసకు గురయ్యారని వైద్య సంస్థ ఎంఎస్ఎఫ్ వెల్లడించింది. వారంతా ఆహార పంపిణీ కేంద్రానికి కాలినడకన వెళ్తున్నవారు. దారికి రెండు వైపులా పొదలు, కేంద్రం ఊళ్లకు దూరం. మిషన్ అప్పుడు గస్తీలు పెంచింది, దారి పక్క పొదలు కొట్టించింది. పంపిణీ కేంద్రాన్ని ఊళ్లకు దగ్గరగా ముందే పెట్టి ఉంటే అంత దూరం నడక తప్పేది. డార్ఫర్‌లో వంటచెరకు కోసం శిబిరం దాటే మహిళల వెంట ఐరాస దళాలు కాపలాగా వెళ్లడం కూడా ఇదే తీరు ఏర్పాటు. ఆహారం, నీళ్లు, కట్టెలు, మరుగుదొడ్లు, వీధి దీపాలు ఎక్కడెక్కడ ఉండాలో నిర్ణయించే సమావేశంలో స్థానిక మహిళలకు చోటిస్తే సగం ప్రమాదం అక్కడే తగ్గుతుంది. రక్షణ, సాధికారత అని విడివిడిగా పలికే రెండు మాటలు క్షేత్రంలో ఒకే పనికి రెండు కొసలు.

లైబీరియా అనుభవం దీన్ని మరింత స్పష్టం చేస్తుంది. పైగా అది భారత్‌కు నేరుగా సంబంధించింది. 2007 జనవరిలో సీఆర్‌పీఎఫ్ మహిళలతో కూడిన పోలీసు యూనిట్ మన్రోవియాలో దిగింది. ఐరాస చరిత్రలో పూర్తిగా మహిళలతో నడిచిన తొలి పోలీసు యూనిట్ అదే. వంద మందికి పైగా మహిళలు ఒక్కో విడతలో వెళ్లారు. 2016 ఫిబ్రవరి దాకా తొమ్మిదేళ్లు అలా విడతలు మారుతూ వచ్చాయి. అధ్యక్షురాలు ఎలెన్ జాన్సన్ సర్లీఫ్ కార్యాలయానికి కాపలా, రాత్రి గస్తీ, అల్లర్ల అదుపు వారి విధులు. తీరిక వేళల్లో స్థానిక బాలికలకు ఆత్మరక్షణ, కంప్యూటర్ నేర్పారు. ఆ కాలంలో లైబీరియా భద్రతా వ్యవస్థలో మహిళల వాటా 6 శాతం నుంచి 17 శాతానికి పెరిగిందని ఐరాస చెబుతుంది. శిరస్త్రాణం, లాఠీతో వీధిలో నిలబడ్డ భారతీయ మహిళలను చూసి లైబీరియా యువతులు పోలీసులో చేరారన్నది బాగా ప్రచారమైన కథ.

కథలో నిజముంది, అతిశయమూ ఉంది. అదే కాలంలో దేశాధ్యక్షురాలు మహిళ. 2008 నుంచి 2012 దాకా మిషన్ అధిపతి డెన్మార్క్‌కు చెందిన ఎలెన్ మార్గ్రెథ లోయ్ కూడా మహిళే. లైబీరియా పోలీసు శాఖ మహిళలకు ఇరవై శాతం లక్ష్యం పెట్టుకుంది. హైస్కూలు చదువు పూర్తికాక దరఖాస్తు చేయలేకపోయిన మహిళలకు చదువు చెప్పించి మరీ చేర్చుకుంది. వీటన్నిటి పుణ్యాన్నీ ఒక్క యూనిట్ ఖాతాలో వేయడం సబబు కాదు. సబ్రీనా కరీం, కైల్ బియర్డ్‌స్లీ అనే పరిశోధకులు లైబీరియా మిషన్‌ను అధ్యయనం చేసి 2017లో తెచ్చిన పుస్తకంలో ఒక ఇబ్బందికరమైన విషయం చెప్పారు. దేశాలు మహిళలను ఎక్కువగా పంపేది ప్రమాదం తక్కువగా ఉన్న మిషన్లకే. పంపాక కూడా రక్షణ పేరుతో స్థావరం గేటు లోపలే ఉంచడం మామూలు. స్థానిక మహిళలతో మాట్లాడతారనే కదా వారిని పంపింది? ఆ మాటలు జరగాల్సిన చోటికే వారిని వెళ్లనివ్వకపోతే మిగిలేది ఫొటోలే.

లైబీరియాలో అంతగా ప్రచారం కాని విజయం ఆయుధాల అప్పగింత కార్యక్రమం. పొరుగున సియెర్రా లియోన్‌లో తుపాకీ తెచ్చి ఇచ్చినవారికే పునరావాసం అన్న నియమం పెట్టారు. ముఠాల చెరలో వంటమనుషులుగా, కూలీలుగా, బలవంతపు భార్యలుగా బతికిన బాలికల చేతిలో తుపాకీ ఎక్కడిది? వారిలో చాలామంది జాబితాకు ఎక్కలేదు. లైబీరియాలో నియమాన్ని సడలించి, ఆయుధం లేకున్నా ముఠాతో ఉన్నవారిని లెక్కలోకి తీసుకున్నారు. అలా నమోదైన దాదాపు 1,03,000 మందిలో 22,000కు పైగా మహిళలు. దీనికి కొత్త దళం రాలేదు, కొత్త తీర్మానం రాలేదు. ఒక అర్హత నిబంధన మారింది, అంతే. అయితే నిబంధనను మార్చాలన్న ఆలోచన వచ్చింది 2003లో అంతర్యుద్ధం ఆపమని వీధుల్లో బైఠాయించిన లైబీరియా మహిళలు అప్పటికే రాజకీయంగా బలపడ్డ వాతావరణంలో. వారి నాయకురాలు లేమా బోవీ, సర్లీఫ్ 2011లో నోబెల్ శాంతి బహుమతి పంచుకున్నారు. శాంతి దళం వచ్చి స్థానిక మహిళలకు శక్తినిస్తుందన్న భావనలో తలకిందుల వ్యవహారం కొంత ఉంది. లైబీరియాలో మహిళలు తెచ్చిన శాంతిని కాపాడటానికే దళం వెళ్లింది.

ఇక సంఖ్య విషయం. 2018 నుంచి 2028 దాకా అమలయ్యే వ్యూహంలో ఐరాస నాలుగు లక్ష్యాలు పెట్టుకుంది. సైనిక పటాలాల్లో 15 శాతం, పోలీసు యూనిట్లలో 20 శాతం, సైనిక పరిశీలకులు, స్టాఫ్ అధికారుల్లో 25 శాతం, విడిగా వచ్చే పోలీసు అధికారుల్లో 30 శాతం. వీటిలో విడి అధికారుల విభాగాలు వేగంగా ముందుకు కదిలాయి. వెనకబడింది పటాలాలే. కారణం బోధపడనిదేమీ కాదు. పరిశీలకుడి పోస్టు ఒక కుర్చీ. మహిళను పంపకపోతే ఆ కుర్చీ మరో దేశానికి ఇస్తామని ఐరాస చెప్పింది, చెప్పినట్లు చేసింది. దేశాలు దారికొచ్చాయి. ఎనిమిది వందల మంది సైనికుల పటాలం విషయంలో ఆ బెదిరింపు పనిచేయదు. పటాలాల కోసం ఐరాసే దేశాల చుట్టూ తిరగాలి. మహిళలు తక్కువని వెనక్కి పంపితే ఆ స్థానం ఖాళీగా ఉండిపోతుంది. సంఖ్యాపరంగా దళాల్లో అత్యధికులు పటాలాల్లోనే ఉంటారు కాబట్టి మొత్తం శాతం ముందుకు జరగడం లేదు. పటాలం సొంత దేశంలో ఎలా ఉంటే మిషన్‌లోనూ అలాగే ఉంటుంది. కాల్బలంలో మహిళలను తీసుకోని సైన్యం, ఐరాస కోరిందని రాత్రికి రాత్రి వారిని తయారు చేయలేదు.

పంపే దేశాల్లోని అడ్డంకులను కనిపెట్టడానికి కెనడా 2017లో ఎల్సీ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. విమాన నిర్మాణంలో తొలితరం మహిళా ఇంజినీరు ఎల్సీ మెక్‌గిల్ పేరది. దాని కింద ఘనా, జాంబియా, సెనెగల్, ఉరుగ్వే వంటి దేశాల్లో సైన్యం, పోలీసు శాఖలను లోపలినుంచి పరీక్షించే అధ్యయనాలు జరిగాయి. బయటపడ్డవి చాలావరకు ఇంటి గుట్లే. మిషన్ ఖాళీల ప్రకటన మహిళల దాకా చేరదు. పోలీసు ఎంపికలో డ్రైవింగ్ పరీక్ష ఉంటుంది, స్టేషన్‌లో జీపు మాత్రం ఎప్పుడూ మగ డ్రైవర్ చేతిలోనే ఉంటుంది. ఏడాదిపాటు పసిబిడ్డను వదిలి వెళ్లాలి. బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ మగవాడి కొలతకు కుట్టింది. స్థావరంలో స్త్రీలకు విడి స్నానపు గది ఉండదు, స్త్రీల వైద్యురాలు ఉండరు. వీటిలో కొన్నిటిని ఐరాస సరిదిద్దింది. చిన్నపిల్లలున్న మహిళా అధికారులకు ఏడాదికి బదులు ఆరు నెలల గడువు ఇవ్వడం అలాంటిదే. అన్నిటికన్నా బయటికి రాని అడ్డంకి తోటి సిబ్బంది వేధింపు. పరాయి దేశంలో, ఫిర్యాదు చేయాల్సిన అధికారే గదుల కేటాయింపూ సెలవులూ చూసే చోట, నోరు విప్పడం ఉద్యోగంతో చెలగాటమే. శాంతి దళంలోని మహిళకు రక్షణ కావలసింది శత్రువు నుంచి మాత్రమే కాదు.

శాంతి సైనికులే స్థానిక మహిళలను, పిల్లలను చెరచిన ఉదంతాలు ఈ చర్చ మొత్తానికీ మచ్చ. 1992-93 కంబోడియా మిషన్‌పై వచ్చిన ఫిర్యాదులను కుర్రకారు సరదాగా కొట్టిపారేశారన్న విమర్శ నేటికీ ఉంది. 2007లో హైతీ నుంచి వంద మందికి పైగా శ్రీలంక సైనికులను బాలబాలికలపై లైంగిక దోపిడీ ఆరోపణలతో వెనక్కి పంపారు. వారిలో ఎవరూ జైలుకు వెళ్లలేదని పదేళ్ల తర్వాత అసోసియేటెడ్ ప్రెస్ బయటపెట్టింది. మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌లో ఐరాస ఆధీనంలో లేని ఫ్రెంచి సైనికులు పిల్లలపై అకృత్యాలకు పాల్పడ్డారన్న సమాచారం అందినా, ఐరాస విభాగాలు ఒకదానిమీద ఒకటి నెట్టుకుంటూ కాలం గడిపాయని మేరీ డెషాంప్స్ కమిటీ 2015 డిసెంబర్‌లో తీవ్రంగా తప్పుపట్టింది. ఆ కేసును ఫ్రాన్స్ న్యాయమూర్తులు 2018లో మూసేశారు. 2016లో 2272వ తీర్మానం మొత్తం దళాన్నే వెనక్కి పంపే అధికారం ప్రధాన కార్యదర్శికి ఇచ్చింది. 2021లో గాబన్‌కు చెందిన దాదాపు 450 మందిని అలాగే మధ్య ఆఫ్రికా రిపబ్లిక్ నుంచి పంపించారు. పంపడంతో ఐరాస పని అయిపోతుంది. ఆతిథ్య దేశంతో చేసుకునే ఒప్పందం ప్రకారం సైనికుడిపై క్రిమినల్ విచారణ జరిపే హక్కు అతని స్వదేశానిదే. బాధితురాలు వేల మైళ్ల దూరంలో ఉంటుంది. ఆమె వాంగ్మూలానికి విమాన టికెట్ ఎవరు కొంటారో కూడా తేలదు.

దళంలో మహిళలు ఎక్కువైతే ఇలాంటి నేరాలు తగ్గుతాయా? కరీం, బియర్డ్‌స్లీ 2016లో ప్రచురించిన మరో అధ్యయనం తగ్గుదల ఉందనే చెప్పింది. దానితోపాటు, పంపే దేశంలో స్త్రీపురుష సమానత్వం ఎంత ఉందన్నది కూడా ప్రభావం చూపుతుందని అంది. దక్షిణాఫ్రికా ఈ సూత్రానికి పూర్తిగా లొంగదు. ఆ దేశ సైన్యంలో దాదాపు 30 శాతం మహిళలు. శాంతి దళాలకు మహిళలను పెద్ద సంఖ్యలో పంపే దేశాల్లో అది ముందుంటుంది. అయినా కాంగోలో దాని సైనికులపై ఆరోపణలు పదేపదే వచ్చాయి. 2023 అక్టోబర్‌లో బేనిలోని ఆ సైనికుల్లో కొందరిని మిషన్ సస్పెండ్ చేయాల్సి వచ్చింది. ఆరోపణలు ఎక్కువగా బయటపడటం కూడా ఒక రకంగా వ్యవస్థ పనిచేస్తోందన్న సూచన కావచ్చు. అదే దక్షిణాఫ్రికా కాంగో గడ్డ మీదే కోర్టు మార్షల్ నడిపింది. సాక్షులు అక్కడే ఉంటారు, తీర్పు బాధితుల కళ్లముందే వస్తుంది. జోర్డాన్ దౌత్యవేత్త జైద్ అల్ హుసేన్ 2005 నివేదికలో సిఫారసు చేసింది ఇదే. రెండు దశాబ్దాలైనా ఎక్కువ దేశాలు దాని జోలికి పోలేదు. స్కాండినేవియా దేశాల ఉదాహరణ తరచూ ఇస్తుంటారు. నార్వే 2015 నుంచి స్త్రీలకూ సైనిక సేవ తప్పనిసరి చేసింది. 2014లో సైప్రస్ మిషన్‌కు తొలి మహిళా సైన్యాధిపతిగా క్రిస్టిన్ లుండ్‌ను ఇచ్చిందీ ఆ దేశమే. ఆదర్శం బాగానే ఉంది, అయితే నేలమీద కాపలా కాసేది నేపాల్, బంగ్లాదేశ్, రువాండా, భారత్ సైనికులు. మార్పు రావలసింది ఈ దేశాల బ్యారక్‌లలో. బంగ్లాదేశ్ భూకంపం తర్వాతి హైతీకి 2010లోనే మహిళా పోలీసు యూనిట్‌ను పంపింది, 2019లో 1325 అమలుకు జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది.

ఇంతలో నేల కిందే కదిలింది. మాలి మిషన్ 2023 చివర్లో మూతపడింది. కాంగో దళం 2024లో దక్షిణ కివూ నుంచి వైదొలగింది. లెబనాన్ మిషన్ 2026 డిసెంబర్ 31తో ముగియాలని భద్రతా మండలి తీర్మానించింది. నిధుల కొరతతో తొమ్మిది మిషన్లలో సైనికులు, పోలీసుల సంఖ్యను పావు వంతు తగ్గిస్తున్నట్లు ఐరాస 2025 అక్టోబర్‌లో ప్రకటించింది. బడ్జెట్‌లో పావు వంతుకు మించి భరించాల్సిన అమెరికా చెల్లింపులు ఆపడం దీనికి ప్రధాన కారణం. అదే ఏడాది ఏప్రిల్‌లో అమెరికా రక్షణ మంత్రి పీట్ హెగ్‌సెత్ తమ శాఖలో మహిళలు, శాంతి, భద్రత కార్యక్రమాన్ని రద్దు చేస్తున్నట్లు చెప్పారు. ఆ కార్యక్రమానికి మూలమైన 2017 చట్టంపై సంతకం చేసింది డొనాల్డ్ ట్రంపే. కోతలు వచ్చినప్పుడు ముందు పోయేవి మహిళా రక్షణ సలహాదారుల పోస్టులు, స్థానిక భాష తెలిసిన సంధాన సహాయకుల ఒప్పందాలు. తుపాకీ పట్టని ఉద్యోగాలను అదనపు హంగులుగా చూడటం సైనిక బడ్జెట్‌లకు అలవాటు. వాలికాలేలో లేక ప్రాణం మీదికి తెచ్చినవి సరిగ్గా అవే.

భారత్ ఇప్పటిదాకా 50కి పైగా మిషన్లకు 2,90,000 మందికి పైగా సిబ్బందిని పంపింది. 1960ల్లో కాంగోకు వెళ్లిన సైనిక వైద్యురాళ్లతో దాని మహిళల చరిత్ర మొదలవుతుంది. 2003లో కిరణ్ బేదీ ఐరాస పోలీసు సలహాదారు పదవి చేపట్టిన తొలి మహిళ అయ్యారు. దక్షిణ సూడాన్‌లో సేవలకు మేజర్ సుమన్ గవానీ, కాంగోలో సేవలకు మేజర్ రాధికా సేన్ ఐరాస సైనిక జెండర్ అవార్డులు అందుకున్నారు. 2023 జనవరిలో సూడాన్, దక్షిణ సూడాన్ సరిహద్దులోని అబేయీకి వెళ్లిన ప్లటూన్, లైబీరియా తర్వాత భారత్ పంపిన అతి పెద్ద మహిళా దళం. 2025 ఫిబ్రవరిలో 35 దేశాల మహిళా శాంతి సైనికులతో న్యూఢిల్లీలో సదస్సు జరిగింది. అప్పటికి ఆరు మిషన్లలో భారత మహిళలు 150 మందికి పైగా ఉన్నారు. ఐదు వేల మందికి పైగా సిబ్బందిని పంపే దేశానికి ఆ అంకె మూడు శాతాన్ని దాటదు. గొప్పగా చెప్పుకునే వరస చాలా పొడవు, శాతం చాలా పొట్టి.

కారణం మళ్లీ సొంత సైన్యంలోనే ఉంది. కాల్బలం, శకట దళం మహిళలకు ఇంకా తెరుచుకోలేదు. మహిళా జవాన్ల నియామకం 2019లో మొదలైంది, అదీ మిలిటరీ పోలీస్ విభాగంలోనే. 83 మందితో తొలి బ్యాచ్ 2021లో శిక్షణ ముగించుకుంది. మహిళా అధికారులకు శాశ్వత కమిషన్ ఇవ్వాలన్న 2020 ఫిబ్రవరి తీర్పులో సుప్రీంకోర్టు, 2006లో కాంగో మిషన్‌లో పనిచేసిన సోఫియా ఖురేషి పేరును ప్రత్యేకంగా ప్రస్తావించింది. ప్రభుత్వం విదేశాల్లో చాటుకునే సామర్థ్యాన్ని స్వదేశంలో కోర్టు గుర్తుచేయాల్సి రావడం విచిత్రమే. పటాలాల శాతం పెరగాలంటే మిలిటరీ పోలీస్, వైద్య, ఇంజినీరింగ్, సిగ్నల్ విభాగాల నుంచి మహిళలను ప్రతి పటాలంతో పాటు కనీసం ఒక ప్లటూన్‌గా పంపడం తక్షణం చేయగలిగిన పని. సీఆర్‌పీఎఫ్‌లో ఆరు మహిళా బెటాలియన్లున్నాయి. లైబీరియా తర్వాత అలాంటి పూర్తి యూనిట్‌ను మళ్లీ పంపకపోవడానికి సిబ్బంది కొరత సాకు కాజాలదు. పంపినవారిని గేటు లోపల కూర్చోబెట్టకుండా గస్తీ ఆదేశాల్లోనే వారి పాత్ర రాయాలి. మిషన్ సేవను పదోన్నతిలో లెక్కించాలి.

విచారణ విషయంలో భారత్ చేతిలో చట్టం ఇప్పటికే ఉంది. 1950 సైనిక చట్టం 70వ సెక్షన్, పౌరులపై అత్యాచారం వంటి నేరాలను మామూలుగా కోర్టు మార్షల్ పరిధిలోంచి తప్పిస్తుంది; నేరం దేశం వెలుపల జరిగినప్పుడు మాత్రం ఆ అధికారాన్ని సైన్యానికే ఇస్తుంది. అంటే ఆరోపణ వచ్చిన చోటే విచారణ జరపడానికి కొత్త చట్టం అక్కర్లేదు, రక్షణ శాఖ నిర్ణయం చాలు. భారత దళాలపైనా కాంగోలో ఒకప్పుడు ఆరోపణలు వచ్చాయి. లైంగిక దోపిడీ బాధితుల నిధికి మొదట విరాళమిచ్చిన దేశంగా భారత్‌కు ఈ విషయంలో మాట్లాడే నైతిక హక్కు ఉంది, ముందుగా చేసి చూపించే బాధ్యతా ఉంది.

1325వ తీర్మానానికి 2025 అక్టోబర్‌తో పాతికేళ్లు నిండాయి. వందకు పైగా దేశాలు దాని అమలుకు జాతీయ కార్యాచరణ ప్రణాళికలు రాసుకున్నాయి. నేపాల్ 2011లోనే రాసుకుంది. భారత్ ఇంతవరకు రాయలేదు. 2028 గడువు దగ్గరపడుతున్నందున రక్షణ, హోం, విదేశాంగ శాఖలు కలిసి ఆ ప్రణాళికను పార్లమెంటు ముందు పెట్టాలి. ఏటా ఎంతమంది మహిళలు వెళ్లారు, ఏ హోదాలో వెళ్లారు, స్థావరం దాటి ఎన్ని గస్తీలు నడిపారు, ఎన్ని ఫిర్యాదులు విచారణకు వచ్చాయి అన్న లెక్క అందులో ఉండాలి.